పుల్లయ్య బాబాయ్

"తాతయ్య ఏరీ?"

సాయిశ్రీ అడిగేదాకా ఎవరూ చూసుకోలేదు.

పిల్లల రైలు దిగి వచ్చేసరికి, బెంచీ మీద కూర్చోబెట్టిన చౌడయ్య అక్కడ లేడు. ఆయన చెప్పులు మాత్రం ఉన్నాయి.

హరిబాబు కంగారుగా చుట్టూ చూశాడు.

నాన్నకు మతిమరుపు ముదిరింది. పటమటలో సొంత ఇంట్లోనే దారి తప్పుతున్నాడు. కంచం ముందు పెట్టినా వేరే ఎవరిదో అన్నట్టు చూస్తున్నాడు. మొన్నటికి మొన్న కొడుకునే పట్టుకుని "మీదే ఊరు బాబూ?" అని అడిగాడు.

అందుకే ఈ ఆదివారం అందరినీ తీసుకుని కొండ మీది పార్కుకు వచ్చాడు హరిబాబు.

తన చిన్నప్పుడు మంగళగిరి నుంచి చీరల మూటతో గవర్నర్‌పేట వచ్చినప్పుడల్లా, నాన్న ఈ కొండ ఎక్కించేవాడు. ఒక భుజాన మూట, ఒక భుజాన తను. పక్కన పుల్లయ్య బాబాయ్. ఇద్దరూ ఒకే పాకలో పక్కపక్క మగ్గాల మీద నేసేవాళ్ళు. పైకెక్కి కృష్ణని, బ్యారేజీని, స్టేషన్లోకి మెలికలు తిరుగుతూ వచ్చే రైళ్ళని చూపించేవాళ్ళు.

ఆ చోటు చూస్తే నాన్నకు ఏదో ఒకటి గుర్తు రాకపోతుందా అని ఆశ.

"నువ్వు పక్షుల బోనుల వైపు వెళ్ళు. నేను ఇటు చూస్తా," అని భార్య ధనశ్రీకి చెప్పి, కాలిబాట పట్టుకుని పరుగెత్తాడు.

"తెల్లచొక్కా, పంచె... పెద్దాయనండీ. చూశారా?"

ఎవరూ చూడలేదు.

మలుపు తిరగబోతుండగా నవ్వు వినిపించింది.

నాన్న నవ్వు! అమ్మ పోయాక మళ్ళీ వినని నవ్వు.

బండరాయి మీద కూర్చుని ఉన్నాడు చౌడయ్య. పక్కనే ఇంకో పెద్దాయన, ఆయన భుజం చుట్టూ చెయ్యి వేసి, ఉప్పూ కారం అద్దిన జామకాయ ముక్కలు ఒక్కొక్కటే అందిస్తున్నాడు.

"ఒరే పుల్లయ్యా! వానకి చీరల మూట తడుస్తుంటే నీ చొక్కా విప్పి కప్పావు, గుర్తుందా?"

"ఎందుకు గుర్తులేదూ!"

"తర్వాత జ్వరంతో పడ్డావు."

"నువ్వే కదా చూసుకున్నావు!"

చౌడయ్య పగలబడి నవ్వాడు.

హరిబాబు అక్కడే ఆగిపోయాడు. నాన్న దొరికాడన్న ఊరట ఎంతసేపో నిలవలేదు. దాని వెనకే కోపం వచ్చింది.

"పుల్లయ్య బాబాయ్ కదూ మీరు?"

పెద్దాయన తలెత్తాడు. చౌడయ్య ముఖంలోకి ఒకసారి చూశాడు.

"ఊఁ... బాబూ."

"నా చిన్నప్పుడే సూరత్ వెళ్ళిపోయారు. సరే, బతుకుతెరువు. మరి అమ్మ పోయినప్పుడు కబురు పంపాం కదా? పుల్లయ్య రానిదే ఎత్తొద్దని పట్టుబట్టాడు నాన్న. పొద్దువాలేదాకా గుమ్మం వైపే చూస్తూ కూర్చున్నాడు. ఆ తర్వాతే మనిషి ఇలా అయిపోయాడు. ఆ రోజు రానివాళ్ళు ఇప్పుడెందుకండీ?"

పెద్దాయన ఏదో చెప్పబోయాడు.

చౌడయ్య నవ్వు ఆరిపోయింది. బెదురుగా ఒకసారి ఇతన్నీ ఒకసారి అతన్నీ చూస్తున్నాడు.

అది గమనించి పెద్దాయన తల దించుకున్నాడు.

"తప్పే బాబూ. రావాల్సింది. క్షమించు."

"వాణ్ణేమీ అనకు!" అన్నాడు చౌడయ్య, కొడుకుతో. "అసలు ఎవరు నువ్వు?"



పెద్దాయన లేచి, మిగిలిన జామముక్క చౌడయ్య చేతిలో పెట్టాడు.

"ఈ అబ్బాయితో వెళ్ళు. మనవాడే. నేను మళ్ళీ వస్తాగా."

మెల్లగా నడుచుకుంటూ కిందికి వెళ్ళిపోయాడు.

నీడపట్టున దుప్పటి పరిచి పులిహోర వడ్డించింది ధనశ్రీ.

చౌడయ్య ఎవరూ తినిపించకుండానే తిన్నాడు. వాన గురించి, పుల్లయ్య చొక్కా గురించి మనవరాలికి ఒకటే కబుర్లు. మధ్యలో ఆగి, కొడుకు వైపు తిరిగాడు.

"హరీ, నువ్వు తినవేంరా?"

హరిబాబు చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. నాన్న నోట తన పేరు విని ఎంత కాలమైందో!

ఈ మాట నాకు దక్కించిన మనిషినా నేను అంతలేసి మాటలన్నది?

కంచం కింద పెట్టి గేటు దాకా పరుగెత్తాడు.

గేటు దగ్గర జామకాయలమ్మే తెరేసమ్మ బుట్టతో కూర్చుని ఉంది.

"ఇందాక పైన మా నాన్నతో కూర్చున్నారే, పుల్లయ్య గారని... ఎటు వెళ్ళారమ్మా?"

"ఆయనా? మైలవరం చర్చివాళ్ళతో వచ్చారు బాబూ. అదుగో, బస్సు కొండ దిగిపోతోంది."

కింద మలుపులో బస్సు వెనకభాగం కనిపించి మాయమైంది.

"మైలవరమా? ఆయనది సూరత్ కదా?"

"సూరత్ ఏంటి? నా బుట్ట అప్పుడు పైనే ఉంది. మీ నాన్నగారు కంచె దాటి అంచుకి పోతుంటే ఆయనే ఉరికి పట్టుకున్నారు. మీ నాన్నేమో ఒకటే గింజుకోవడం. ఆయన ముఖం చూసి 'పుల్లయ్యా, నువ్వట్రా!' అన్నాక నిమ్మళించారు. కాయలు కొనేటప్పుడు నేనే అడిగా, పాత స్నేహితులాండీ అని."

"ఏమన్నారు?"

తెరేసమ్మ బుట్ట మీద గుడ్డ సర్దుకుంది.

"'ఈయన్ని చూడ్డం ఇదే మొదలమ్మా, మా ఆవిడ కూడా చివర్లో నన్ను వాళ్ళన్నయ్య అనుకుంటే అన్నయ్యలాగే తినిపించేవాణ్ణి' అన్నారు బాబూ."