గోడల కొలత

మా ఇంట్లో నేనొక అనుమానాల పుట్టను. అక్క కాపురం చూసి కుళ్లుకుంటున్నానని అమ్మే అంటుంది.

వాళ్ల పడకగదికి కార్పెట్ ఎంత కొనాలో లెక్కగట్టమని బావ పిలిచాడు. అక్క టేపు కొస పట్టుకుంటే, పొడవూ వెడల్పూ కొలిచి, కత్తిరింపులకు కాస్త కలిపి చెప్పాను.

“చదువుకున్నదానివి, లెక్క తప్పావేం మరదలు పిల్లా? గోడలు కలపలేదే!” నవ్వాడు బావ.

“గోడలకు కార్పెట్టేంటి బావా?”

“మీ అక్కది పెద్ద గొంతు. మొన్న పక్కింటాయన ఏమైందంటూ తలుపు బాదాడు.”

అక్క గట్టిగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. ఆమె చేతిలో టేపు టకటకలాడింది.

బావ స్టూలెక్కి టేపు కోసం చెయ్యి చాచాడు. అక్క చెయ్యి పట్టుకుని వీధి తలుపు వైపు నడిచాను.

అక్కను మళ్లీ ఈ ఇంటికి పంపను.