అసలు వెండి

"నిజం చెప్పు జనార్, నేనిచ్చిన వెండి కడియం ఎవరికిచ్చేసి ఈ నకిలీది తొడుక్కున్నావ్?" అని కుల్యాష్ కోడల్ని నిలదీసింది.

కోడలి చేతికున్న కడియం పెనం అడుగులా నల్లగా ఉంది.

"ఇది మీరిచ్చిందే అత్తయ్యా. నిన్ననే బూడిదతో తోమాను. ఆ గ్యాస్ బావుల కంపుకే నల్లబడుతోందేమో."

"నా చెవిలో పువ్వులు పెట్టకు. కుళ్లిన గుడ్ల వాసనే తప్ప ప్రమాదమేం లేదని కంపెనీవాడు మీటరు పెట్టి మరీ చూపించాడుగా!"

"ఆయనొచ్చింది గాలి మన ఊరి మీదికి కాక స్తెపీ మైదానం వైపు మళ్లిన రోజున."

"మాటకు మాట! అసలు వెండి ఎలా ఉంటుందో చూద్దువుగాని, రా."

కుల్యాష్ కిటికీ పక్కనున్న ఉయ్యాల దగ్గరికి నడిచింది. మనవడికి నలభయ్యో రోజు స్నానం నీళ్లలో వేసిన వెండి నాణేన్ని, దిష్టి తగలకుండా తన చేత్తోనే ఆ ఉయ్యాలకు కట్టింది. ఇంకెవర్నీ తాకనివ్వలేదు.

ఉయ్యాల మీది గుడ్డ తొలగించింది. పొద్దుట్నుంచీ దగ్గి దగ్గి మనవడు ఇప్పుడే నిద్రపోయాడు.

నాణెం కడియంకంటే నల్లగా ఉంది.

కుల్యాష్ కోడలి వైపు చూడలేదు. నాణేన్ని తను ఎక్కడ కట్టిందో చూస్తూ నిలబడిపోయింది. సరిగ్గా వాడి ముక్కుకెదురుగా, జానెడు దూరంలో.