తూకం దీదీ

"నువ్వు ఆగు," అంది తూకం దీదీ.

చెప్పులు విప్పి ముందుకొచ్చిన వినీత మళ్లీ చెప్పులేసుకుని గోడవారన నిలబడింది.

ఖరగ్‌పూర్‌లోని ఆ తెలుగు బడికి పిల్లల బరువును అదుపులో పెట్టే పథకం వచ్చి ఆరు వారాలైంది. టిఫిను డబ్బాల్లోంచి చిప్సు పోయాయి. పొద్దున్నే తాడాట వచ్చింది. అవన్నీ వినీతకు బాగానే ఉన్నాయి. శనివారం తూకమే ప్రాణం మీదికొచ్చింది.

తూకం దీదీ అసలు పేరు జ్ఞానరత్నం. పథకం వాళ్లు పంపిన మనిషి. నవ్వదు, పలకరించదు. ఒక్కొక్కరినీ మిషనెక్కించి అంకె పైకి చదువుతుంది, స్వాతి టీచరు రాసుకుంటుంది. నాలుగో తరగతి మొత్తం అయిపోయి, టీచరు కూడా బయటికెళ్లాక, తలుపు దగ్గరికేసి వినీతను పిలుస్తుంది.

"ఎక్కు."

ఎక్కింది.

"దిగు."

అంకె చెప్పదు. తనే రాసుకుని పుస్తకం మూసేస్తుంది. నోటితో చెప్పడానికి కూడా పనికిరాని అంకె కాబోలు అనుకునేది వినీత.

బయట టోటోలో, అదే బ్యాటరీ ఆటోలో, పిల్లలంతా ఆమె కోసమే ఎదురుచూస్తున్నారు.

"నిన్నొక్కదాన్నే ఎందుకాపుతాది?" అంది పూజ.

"మిషను ఇరిగిపోద్దని," అన్నాడు బుజ్జిబాబు.

టోటో అంతా నవ్వింది. తమ పేట సుభాష్‌పల్లి వచ్చేదాకా వినీత తలెత్తలేదు.

ఇంటికి రాగానే ఇక బడికి పోనని మొండికేసింది.

నాన్న గోపి రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. అక్కడ సైరన్ కూశాక మనిషిని ఆపారంటే చేతిలో మెమో పెట్టడానికే.

"ఆపినారంటే ఊరికే ఆపరు. ఏటి తప్పు సేసినావు?"

"ఏటీ సెయ్యలేదు నాన్నా. అందరితోపాటు పిలవమను. అదొక్కటీ సెప్పు."

గోపికి ఒళ్లు మండింది. ఏ తప్పూ లేకుండా పిల్లకి శిక్షేమిటి? సోమవారం సెలవు పెట్టి మరీ వెళ్లి, హెడ్మాస్టరు చేతికి కంప్లయింటు కాగితం ఇచ్చి వచ్చాడు.

శనివారం కొత్త సారొచ్చాడు. నవ్వుమొహం. పేర్లు వరసగా పిలుస్తున్నాడు.

"వినీత ఎవరమ్మా? రా."

వినీత ఒక్క అంగలో మిషనెక్కింది. ఇన్నాళ్లకి తనూ అందరిలో ఒకతె అయింది.

"నలభై ఒకటీ పాయింట్ ఆరు," అన్నాడు సారు, గది అంతా వినబడేలా.

స్వాతి టీచరు కలం ఆగింది. వెనకనుంచి ఎవరో ఆ అంకెను మెల్లగా మళ్లీ అన్నారు. ఇంకెవరో అందుకున్నారు. బడి వదిలేసరికి వరండాలో పిల్లలు వినీతను ఆ అంకెతోనే పిలుస్తున్నారు.

వినీత గది దాటి బయటికి రాలేదు. టోటో హారను మోగుతూనే ఉంది. స్వాతి టీచరు వచ్చి చూసేసరికి ఆఖరి బెంచీ కింద ముడుచుకుని కూర్చుంది.

"టోటో ఎల్లిపోద్ది. లే అమ్మా."

"దీదీ మళ్లీ ఎప్పుడొస్తాది టీచర్?"

"రాదు. కంప్లయింటు పడినాది కదా, తీసేసినారు."

"నన్ను ఆఖర్నే పిలవమని సెబుతాను. రమ్మనండి."

టీచరు ఆమె పక్కనే నేలమీద కూర్చుంది.

"అంకెలు అందరి ముందరా సదవాలని రూలు. నీది సదవనంటే సదవనని ఆమె పట్టుబట్టినాది. ఎందుకో నీకు తెలిస్తే నీ మనసు నొచ్చుకుంటాదని నన్నూ సెప్పొద్దన్నాది. నేను మీ నాన్నకైనా సెప్పాల్సింది, సెప్పలేదు."

వినీత కళ్లు తుడుచుకుని చూసింది.

"ఆమె డ్యూటీ పదకొండుకే అయిపోతాది," అంది టీచరు. "గది ఖాళీ అయ్యేదాకా నీ ఒక్కదాని కోసం ఆగిపోయి, ప్రతి శనివారం ఇంటికెళ్లే లోకల్ బండి వదిలీసుకుని, సాయంత్రం బండి దాకా స్టేషన్లో ఒక్కర్తీ కూకునేది."