ధర్మనిధి వారి దాహం

“తాగరయ్యా. తాగరంటే తాగరు. పోయినేడు వచ్చినాయన తాగేరా?” అంది దీనమ్మ, అరుగు మీద చాప పరుస్తూ.

“నీ నోట మంచిమాట రాదుగా!” అని కసిరాడు ఆమె మొగుడు సాలమోను. కసిరాడే గానీ, ఆ భయం అతనికీ ఉంది.

అమలాపురం కొబ్బరి వర్తకులు పెట్టిన ధర్మనిధికి ఒక పద్ధతుంది. స్వయంగా చూడనిదే దేనికీ సాయం చెయ్యరు. బడి అడిగితే వచ్చి పాత పాకలో పిల్లల పక్కన కూర్చుంటారు. బాట అడిగితే బురదలో నడుస్తారు. నుయ్యి అడిగితే, ఉన్న నూతి నీళ్ళు తాగి చూస్తారు. పద్ధతి బంగారంలాంటిదే. కానీ అంతర్వేది దాపున, ఉప్పుటేరు ఒడ్డున ఉన్న ఆ పేటలో నీళ్ళు తాగే పెద్దమనిషి ఎవరు? పోయినేడు వచ్చినాయన దూరం నుంచే నూతిలోకి తొంగిచూసి, గొడుగు విప్పుకుని వెళ్ళిపోయాడు. తాగలేదు గనక ఉప్పని చెప్పలేదు. చెప్పలేదు గనక నుయ్యి రాలేదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటే ఇదే.

ఆ ఉప్పునీళ్ళు తాగి మొన్న వేసవిలో పేటలో పసివాళ్ళు పోయారు. ఇప్పుడు సాలమోను మనవరాలు పుష్ప విరోచనాలతో తోటకూర కాడలా వేలాడిపోయింది. దానికోసం దీనమ్మ ఊళ్ళో రైతుల నూతి దగ్గర పొద్దెక్కేదాకా నిలబడి, ఎవరో జాలిపడి చేది పోస్తే, ముంతెడు తీపినీళ్ళు తెచ్చి దాచింది.

“పొయ్యి పక్కన కడవలో మన నూతి నీళ్ళు పెట్టేను. ఇవాళొచ్చే ఆయన అడిగితే అవియ్యి,” అన్నాడు సాలమోను.

“అడిగినప్పుడు చూద్దాంలే!”

ధర్మనిధి తరఫున ప్రకాశరావుగారు రేవులో పడవ దిగి, ఎండలో గట్టువెంట నడిచి వచ్చారు. నుయ్యి చూశారు. తిన్నగా వచ్చి చాప మీద కూర్చున్నారు. పేటంతా నోరు తెరిచింది.

“అమ్మా, దాహంగా ఉందండీ. కాసిని మంచినీళ్ళివ్వండి.”

దీనమ్మ ఉలిక్కిపడింది. తనని ‘అండీ’ అన్నారు! లోపలికి పరిగెత్తి, గ్లాసుతో వచ్చి, అలవాటుగా ఆయన దోసిట్లో ఎత్తి పొయ్యబోయింది.

“అదేవిటమ్మా, గ్లాసిలా ఇవ్వండి.”

ఆమె చేతిలోంచి అందుకుని, చివరి చుక్కదాకా తాగారు. దీనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. సాలమోనుకి కళ్ళు చెమర్చాయి. నుయ్యి వచ్చేసినట్టే అనుకున్నాడు.

ప్రకాశరావుగారు గ్లాసు కింద పెట్టి, అతనికేసి అదోలా చూశారు.

“నీళ్ళు నిక్షేపంలా ఉన్నాయి కదండీ?”

“ఆయ్,” అనేశాడు సాలమోను. పెద్దవాళ్ళు ఏమన్నా ముందు ఆ మాటే వస్తుంది అతని నోటికి. వెంటనే నాలిక్కరుచుకుని, “కాదండీ, బాబుగారూ! ఉప్పండీ!” అన్నాడు.

“తాగింది నేనండీ. నిజంగా ఉప్పునీళ్ళు తాగేవాళ్ళు ఇంకో ఊళ్ళో ఉన్నారు. వాళ్ళ నోటిదగ్గరది తీసి మీకెలా ఇమ్మంటారు?”

“ఒక్కసారి నూతి దగ్గరకి వచ్చి మళ్ళీ...”

“అంటే నేను అబద్ధమాడుతున్నానంటారా?” ఆయన ముఖం ఎర్రబడింది.

పోటు తీసేస్తోంది, ఆలస్యమైతే పడవ కదలదని రేవులోంచి పడవవాడు కేకేశాడు. ఆయన చెప్పులు వేసుకుని, వెనక్కి తిరగకుండా వెళ్ళిపోయారు. పేటవాళ్ళు ఒక్కొక్కళ్ళే తలలు దించుకుని కదిలారు. ఇంక ధర్మనిధి ఈ గట్టు తొక్కదు.

“ముట్టుకోనివాడే నయం! ఈయన తాగి మరీ అబద్ధమాడేడు!” అని తిట్టుకుంటూ సాలమోను లోపలికి వెళ్ళాడు.

పుష్ప నీళ్ళ కోసం సన్నగా మూలుగుతోంది. దీనమ్మ దాని తల నిమురుతోంది. ఆమె ముఖం క్రిస్మసు నాడు వెలిగినట్టు వెలుగుతోంది. పక్కనే తీపినీళ్ళ ముంత బోర్లించి ఉంది.

“పిల్లదాని నీళ్ళేవే?” అన్నాడు సాలమోను.

“ఆయనకే పోసేనయ్యా. పుట్టి బుద్ధెరిగాక మన చేతి నీళ్ళడిగిన మొదటి మారాజు! ఆయనకి ఆ ఉప్పునీళ్ళెలా ఇస్తాను?”