బొమ్మ కూర్చున్న సీటు

"దిగండి, దిగండి! ఎవరు ఎక్కమన్నారు మిమ్మల్ని?"

పళ్ల డాక్టరు చేతిలోని స్పానర్ పడేసి పరుగెత్తాడు.

ముసలాయన పాత మిలటరీ ట్రక్కు మెట్టు మీద ఒక కాలు పెట్టి, డ్రైవరు వైపు తలుపు పట్టుకుని ఉన్నాడు. కేక వినగానే గబగబా దిగిపోయాడు.

"ఒక్కసారి కూర్చుని దిగిపోతాను బాబూ."

"కుదరదు. అది మా నాన్న సీటు."

సీట్లో ఉన్నది నాన్న కాదు, బొమ్మ. మూసేసిన బట్టల కొట్టు నుంచి డాక్టరు తెచ్చుకున్న ప్లాస్టిక్ బొమ్మ. దానికి నాన్న యూనిఫారం తొడిగి, మీసం అతికించి, చేతులు స్టీరింగ్ మీద పెట్టాడు.

పాత మిలటరీ బండ్ల పిచ్చి ఉన్నవాళ్లలో ఇదొక ఆనవాయితీ. తుప్పు గీకి, రంగు వేసి, ఇంజను తిరిగేలా చేశాక అందులో మనుషుల్ని ఎక్కనివ్వరు. బొమ్మల్ని కూర్చోబెడతారు.

డాక్టరుకి ఆ పిచ్చి బాగా ముదిరింది. వారమంతా పళ్లు పీకేవాడు, ఆదివారం బోల్టులు పీకేవాడు.

"నేనూ ఒక బండినై పుట్టి ఉంటే ఆదివారమైనా నా మొహం చూసేవారు," అనేది భార్య.

"అది బండి కాదే, మా నాన్న," అనేవాడు డాక్టరు.

ఆ మాట ఊరికే అనేవాడు కాదు. యుద్ధంలో గాయపడినవాళ్లని ఆ బండిలో వేసుకుని, తగలబడుతున్న వంతెన దాటించినందుకు నాన్నకి పతకం ఇచ్చారు. డాక్టరు ఆ కథ వింటూనే అన్నం తిన్నాడు, వింటూనే నిద్రపోయాడు. నాన్న పోయాక ఆ నంబరు బండి కోసం మిలటరీ తుక్కు వేలాలన్నీ తిరిగాడు. దొరికిన రోజు దాని బానెట్ మీద తల పెట్టి పసిపిల్లాడిలా ఏడ్చాడు.

అమ్మ మాత్రం ఒక్కసారి కూడా బండి పెట్టిన షెడ్డుకి రాలేదు. మోకాళ్లు నొప్పులనేది.

ముసలాయన మాత్రం వదల్లేదు. ప్రతి ఆదివారం వచ్చేవాడు. మొహం ఒక పక్కంతా కాలి ముడుచుకుపోయింది, ఆ వైపు చెవి సగమే ఉంది. గేటు దగ్గర నిలబడి బండి వంకే చూసేవాడు. ఇంజను స్టార్ట్ చేస్తే ఆయన ఎడమకాలు నేలని తొక్కేది. డాక్టరుకి నవ్వొచ్చేది.

బండి పక్కన నాన్న పేరుతో, వంతెన కథతో ఒక బోర్డు పెట్టాడు డాక్టరు. ముసలాయన దాన్ని మొదటినుంచి చివరిదాకా చదివాడు.

"బాగా రాశారు బాబూ," అన్నాడు. అంతే.

పాత బండ్ల ప్రదర్శన రోజు కూడా వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నున్నగా గీసుకున్న గడ్డం.

"ఇవాళైనా ఒక్కసారి..."

"కూర్చోనివ్వచ్చుగా, మన సొమ్మేం పోయింది?" అంది భార్య.

"సీటు నలుగుతుంది. అటు న్యాయనిర్ణేతలు వస్తున్నారు," అని డాక్టరు కాపలావాణ్ని పిలిచాడు. "ఈయన్ని ముందు బయటికి పంపించవయ్యా!"

కాపలావాడు చొక్కా పట్టుకుని లాగాడు. బొత్తాం ఊడి కింద పడింది. ముసలాయన వంగి, బొత్తాం వెతుక్కుని, జేబులో వేసుకుని వెళ్లిపోయాడు. ప్లాస్టిక్ బొమ్మకి దక్కిన మర్యాద ఆ మనిషికి దక్కలేదు.

బండికి మొదటి బహుమతి వచ్చింది.

తరవాతి ఆదివారం ముసలాయన రాలేదు. పీడ విరగడైందనుకున్నాడు డాక్టరు. ఆ పై ఆదివారం షెడ్డు ఎదుటి టీ కొట్టువాడు గ్లాసు అందిస్తూ చెప్పాడు.

"సగం చెవి తాత పోయాడండీ. నా అన్నవాళ్లు ఎవరూ లేరు. మేమే మోసుకెళ్లాం."

టీ సయించలేదు డాక్టరుకి. మధ్యాహ్నం భోజనాల దగ్గర అమ్మతో అన్నాడు.

"షెడ్డుకొచ్చి విసిగించే ముసలాయన ఒకాయన ఉండేవాడమ్మా. పోయాడట, పాపం."

"ఎవరు?"

"ఎవరో. మొహం సగం కాలిపోయి ఉండేది. నాన్న సీట్లో కూర్చుంటానని ఒకటే గొడవ."

వడ్డిస్తున్న అమ్మ చెయ్యి ఆగిపోయింది.

"కూర్చోనిచ్చావా?"

"బొమ్మ ఉంది కదమ్మా. గెంటించేశాను."

అమ్మ గరిటె కింద పెట్టేసింది.

"మీ నాన్న కూడా అంతేరా. నువ్వు కడుపులో ఉండగా ఆ మొహం కాలినాయన మనింటికొచ్చాడు. మీ నాన్న లోపలే కూర్చుని, లేనని చెప్పమన్నాడు. చెప్పాను. నా నోరు పడిపోను, చెప్పాను."

"ఏం కావాలట ఆయనకి?"

"ఏమీ వద్దట. మీ నాన్న కాలు తగ్గిందో లేదో చూసి పోదామని వచ్చాడట."

"నాన్న కాలి సంగతి ఆయనకెందుకు?"

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇన్నేళ్లూ మింగిన మాట అప్పుడు బయటికొచ్చింది.

"వంతెన దాటిన రోజు మీ నాన్న కాలు విరిగి, గాయపడినవాళ్లతో పాటు బండి వెనక భాగంలో పడున్నాడురా... నడిపింది ఆయన."