తాబేలవ్వ పంచాయితీ

"సోమాలూ! ఒరే సోమాలూ, నీ వంతొచ్చింది, రారా!" అని పిలిచింది తాబేలవ్వ.

తాటిచెట్లెక్కి కుండల్లోని కల్లు తాగడం మరిగిన జంతువుల్ని అడవి నుంచి తరిమెయ్యకుండా, వారం వారం వాగు ఒడ్డున కూర్చోబెట్టుకుని, మంచీ చెడ్డా మాట్లాడి మాన్పిస్తోంది ఆ అవ్వ. ఇదంతా పనిచేస్తోందో లేదో చూసి రమ్మని సింహం ముంగిసను పంపింది.

"ఎవరి నోరు కల్లు కంపు కొట్టినా అడవి దాటిస్తా," అంటూ ముంగిస ఒక్కొక్కరి నోరూ వాసన చూస్తోంది.

మానుపిల్లి సోమాలు బెరుగ్గా వచ్చి నోరు తెరిచాడు.

"ఏంరా, లోపల తులసివనం పెంచుతున్నావా? భేష్! వీడూ బాగుపడ్డాడు," అని నవ్వింది ముంగిస.

"నా చిట్టితండ్రే!" అంటూ తాబేలవ్వ తడికాలితో వాడి తల నిమిరింది. వాన వెలిశాక వీచే గాలిలా ఎంత చల్లగా ఉందో ఆ స్పర్శ! సోమాలు కళ్లు నిండిపోయాయి.

"వెళ్లరా, గెలిచావుగా!" అంది ముంగిస.

వాడు కదల్లేదు.

"అవ్వా, వాసన రాకూడదని తులసాకు నమిలాను. నిన్న మళ్లీ తాగాను. ఇదివరకైతే తాగి ఎటో పారిపోయేవాణ్ణి. ఈసారి నీ దగ్గరికే రావాలనిపించింది."