గుండ్రటి పెట్టెలు

“అల్లుడుగారూ, గోడ మీద ఇంకా పెట్టెలే ఉన్నాయి,” అన్నారు అత్తగారు ఫోన్‌లో.

కంటి ఆసుపత్రి మేడమీద గదిలో కూర్చున్న అల్లుడు ల్యాప్‌టాప్‌లో ప్రోగ్రామ్ మళ్లీ తెరిచాడు. ఆవిడ ఆ ఆసుపత్రిలోనే హెడ్ నర్సు. కింద హాల్లో గోడకి పెద్ద తెర పెట్టించి, ఎవరు ఏ గదికి వెళ్లాలో తెలుగులో చూపిద్దామని డాక్టరుగారిని ఒప్పించి, ప్రోగ్రామ్ రాసే పని అల్లుడికి ఇప్పించింది ఆవిడే. తీరా పొద్దున తెర వెలిగిస్తే అక్షరాల బదులు అన్నీ పెట్టెలు. మధ్యాహ్నంలోగా బాగుపడకపోతే తెర పీకించేస్తానన్నారు డాక్టరుగారు. అల్లుడి పని పోతే పోయింది, ఇన్నేళ్లలో ఆవిడ మొదటిసారి నోరు తెరిచి అడిగిన మాట పోతుంది.

జబ్బేమిటో అతనికి తెలుసు. తెలుగు అక్షరాన్ని అతని ల్యాప్‌టాప్ ఒక పద్ధతిలో దాస్తుంది, కింది పాత కంప్యూటరు ఇంకో పద్ధతిలో చదువుతుంది. ఏ పద్ధతిలో చదవాలో ప్రోగ్రామ్ మొదటి వరుసలోనే రాసి పంపాడు.

“ఇప్పుడు చూడండి అత్తయ్యా.”

“పెట్టెలే బాబూ. కాకపోతే ఇందాక మూలలుండేవి, ఇప్పుడు గుండ్రంగా ఉన్నాయి.”

గుండ్రటి పెట్టెలేమిటో అతనికి అంతుపట్టలేదు. చదివిన చదువులో ఎక్కడా తగల్లేదు. కొత్త ఫాంటు ఎక్కించాడు.

“గుండ్రంగానే ఉన్నాయి.”

అక్షరాలన్నీ తీసేసి, వాటి స్థానంలో ఏ యంత్రానికైనా అర్థమయ్యే అంకెల గుర్తులు పెట్టాడు.

“అవే బాబూ. ఏమనుకోకండి, మీకు చేతనవుతుందంటారా?”

ల్యాప్‌టాప్‌లో చూస్తే ముత్యాల్లాంటి తెలుగు. కింద పెట్టెలట. తనకే మతి పోయిందేమోనని భయం పట్టుకుంది. ఇక తాడో పేడో తేల్చుకుందామని మెట్లు దిగాడు.

గోడ మీద అక్షరాలు నిక్షేపంలా ఉన్నాయి. ఒక ముసలాయన తన పేరు చదువుకుని చుక్కల మందు గదికి నడిచాడు.

“తెర ఎప్పుడు బాగుపడిందండీ?” అని పక్క కుర్చీలో ఉన్నాయన్ని అడిగాడు.

“చాలాసేపయింది. ఆ నర్సమ్మగారే, వెళ్లేవాళ్లని ఆపి మళ్లీ పేర్లు పిలుస్తున్నారు.”

అటుగా వెళ్తూ డాక్టరుగారు తెర వైపు చూసి, “బాగుందయ్యా, ఉంచేద్దాం,” అన్నారు. అల్లుడికి ఏమీ అర్థం కాలేదు.

ఇంతలో కళ్ల నిండా నీళ్లతో అత్తగారు వచ్చారు. “నా మొహం చూసి మిమ్మల్ని బాధపెట్టకూడదనే ఊరుకున్నట్టున్నారు డాక్టరుగారు. చూడండి, ఆ గుండ్రటి పెట్టెలే,” అని గోడ చూపించారు.

అల్లుడు గోడ వైపు చూశాడు, ఆవిడ వైపు చూశాడు. రోగులకి చీటీలిచ్చే టోకెన్ యంత్రం దగ్గరికి వెళ్లి, ఆవిడ పేరు నొక్కి, చీటీ తెచ్చి చేతిలో పెట్టాడు.

“కూర్చోండి అత్తయ్యా. గోడ మీద మీ పేరు వచ్చినప్పుడు నేను చదివి చెబుతాను.”